కో-డ్రైవర్ సీటు కింద పేరు

మా ఇంటికీ కమిటీ హాలుకూ నడుమ ఉన్న ఖాళీ జాగాలో ఆరేళ్ళుగా ఒక లారీ నిలబడి ఉంది. లారీ అంటే మా ఆయన భూమేష్‌కు కోపం వస్తుంది. శక్తిమాన్ అనాలి. అది జబల్‌పూర్‌లో పుట్టిందనీ, మిలిటరీలో పెరిగిందనీ, మంచు కొండలెక్కిందనీ, నిండు వాగులు దాటిందనీ ఆయన చెబుతాడు. రుద్రూర్‌కు మూడు కిలోమీటర్ల అవతల మా ఊళ్ళో అది నా బీరపాదును మోయడం మాత్రమే నేను చూశాను. వెనుక చెక్క బాడీ మీదికి తీగలు అల్లుకుని శ్రావణం నుంచి దసరా దాకా వాడకట్టంతా పంచేంత బీరకాయ కాస్తుంది. ఆరేళ్ళలో ఆ బండి చేసిన పనికొచ్చే పని అదొక్కటే అని నేను అందరి ముందూ అంటాను. ఆయన విననట్టే ఉంటాడు. నెలకొకసారి ఇంజన్ స్టార్ట్ చేసి, కళ్ళు మూసుకుని పది నిమిషాలు విని, ఆపేసి, ఇంట్లోకొచ్చి భోంచేస్తాడు.

ఆయన మిలిటరీలో ఇరవై ఏళ్ళు ఈ శక్తిమాన్లే నడిపి హవల్దార్‌గా రిటైరయ్యాడు. నేను బోధన్ డిపోలో ఇరవై ఆరేళ్ళు కండక్టర్‌ని. ఒకే ఇంట్లో ఒక డ్రైవరూ ఒక కండక్టరూ ఉంటే ఎవరి మాట నడుస్తుందో బస్సెక్కినవాళ్ళందరికీ తెలుసు. కండక్టర్ రైట్ అనంది బండి కదలదు. మా సంసారమూ అంతే. ఒక్క ఈ శక్తిమాన్ విషయంలోనే నా మాట చెల్లలేదు.

ఆరేళ్ళ కిందట మహారాష్ట్రలో ఎక్కడో పాత మిలిటరీ బండ్లు వేలం వేస్తున్నారని విని, ఊరికే చూసి వస్తానని పోయిన మనిషి, మూడో రోజు దాన్ని తోలుకుంటూ వచ్చాడు. వాడకట్టు కుక్కలన్నీ వెంటపడి, దాని సైజు చూసి వెనక్కి తగ్గాయి. ఆయన దిగి బానెట్ మీద చెయ్యి వేశాడు.

"జ్యోతీ, గిది మామూలు బండి కాదు. నేను తొమ్మిదేండ్లు నడిపిన బండి గిదే. యార్డుల రెండొందల బండ్లున్నయి. గేటు కాడికెళ్ళి సూడంగనే గుర్తువట్టిన."

"ఎట్ల గుర్తువట్టినవు? అన్ని ఒక్క తీర్గనే ఉంటయి గద."

"కన్నపిల్లలను గుర్తువట్టమా?" అన్నాడు.

మా పెద్దవాణ్ణి బడి నుంచి తీసుకురమ్మంటే ఒకసారి ఎదురింటివాళ్ళ పిల్లవాణ్ణి సైకిలెక్కించుకుని వచ్చిన మనిషి ఈ మాట అన్నాడు. నేను నోరు తెరవబోయాను. అంతలో ఆయన మెల్లగా, "కో-డ్రైవర్ సీటు కింది డబ్బాల నీ పేరున్నది" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను.

ఈ పేరు సంగతి నాకు కొత్త కాదు. మా పెళ్ళయిన మరుసటి ఏడు ఇన్‌లాండ్ లెటర్లో రాశాడు. బండిలో సీటు కింద, ఎవరికీ కనబడని చోట, స్క్రూడ్రైవర్‌తో నా పేరు గీకానని. హిందీలో గీకాడట, ఆఫీసర్లు చూసినా దేవుడి పేరనుకుంటారని. ఆ ఉత్తరం ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది. డిపోలో తోటి ఆడవాళ్ళు మొగుళ్ళు తెచ్చిన చీరలు చూపించుకుంటుంటే, "మీ పేరు ఏ మిలిటరీ బండిలన్న ఉన్నదా?" అని అడిగేదాన్ని. అట్లా పాతికేళ్ళు గెలుస్తూ వచ్చాను. ఆ ఒక్క పేరు కోసమే బండిని ఇంటి పక్కన ఉండనిచ్చాను. మరి చూపించమని ఎన్నోసార్లు అడిగాను. డబ్బా మూత బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోయిందనీ, బలవంతంగా తిప్పితే విరుగుతుందనీ, అట్లాంటి బోల్టు ఇప్పుడు దొరకదనీ చెప్పేవాడు. నేను నమ్మాను. మొగుడు చెప్పిన బోల్టు కథ ఎవరైనా నమ్ముతారు.

ఇక కమిటీ గురించి చెప్పాలి. మా దిక్కు ప్రతి ఊళ్ళో గ్రామాభివృద్ధి కమిటీ ఉంటుంది. ఏ జాగాలో ఏది ఉండాలి, పండుగకు ఎవరు ముందు నడవాలి అన్నీ అదే తేలుస్తుంది. మా కమిటీ పెద్ద ముత్తన్న చాలా భక్తిపరుడు, మెత్తని మనిషి. ఊరి జవాను నడిపిన బండి అన్న ఒక్క మాటకు కమిటీ జాగాలో శక్తిమాన్‌ను ఉండనిచ్చింది ఆయనే. దానికి మొక్కకుండా ముందుకు పోయేవాడు కాదు.

ఈ ఏడు బతుకమ్మకు వారం ముందు మీటింగులో వెంకటసుబ్బారావు గారు లేచి నిలబడ్డారు. ఆయన తండ్రి నిజాంసాగర్ కాలువ నీళ్ళను చూసి గుంటూరు వైపు నుంచి వచ్చాడు. ఈయన ఇక్కడే పుట్టారు, ఇక్కడే జుట్టు తెల్లబడింది, కానీ మాట మాత్రం ఇంకా కృష్ణ దాటి రాలేదు. కొత్తగా పెద్ద వరికోత మిషను కొన్నారు. దాని షెడ్డుకు శక్తిమాన్ ఉన్న జాగా కావాలి.

"ముత్తన్న గారూ, బండి భూమేష్ గారిదేనంటే నేనే దండ తెచ్చి వేస్తానండీ. కానీ రుజువేదండీ? పాత నంబరు మీద రంగు పూసేశారు. ఏదో ఒక ముసలి లారీకి ఊరి జాగా ఇవ్వడం న్యాయం కాదు కదండీ" అన్నారు.

మా ఆయన లేచి అటెన్షన్లో నిలబడ్డాడు. కోపం వస్తే ఆయన అట్లాగే నిలబడతాడు, ఇంట్లో కూడా. "రుజువున్నది. సీటు కింద నా భార్య పేరున్నది" అన్నాడు.

ఊరంతా నావైపు చూసింది. నేను కొంగు సర్దుకున్నాను. అబద్ధమెందుకు, చాలా సంతోషంగా ఉండింది.

కమిటీ అక్కడికక్కడే తీర్మానం చేసింది. దసరా నాడు ఊళ్ళో బండ్లన్నీ వరుసగా జమ్మిచెట్టు గద్దె దాకా పోతాయి కదా, ఈసారి శక్తిమాన్ ముందు నడవాలి. గద్దె దగ్గర అందరి ముందూ డబ్బా మూత తీయాలి. పేరు ఉంటే బండి ఆ జాగాలో శాశ్వతంగా ఉంటుంది, ఏటా అదే ముందు నడుస్తుంది. లేకపోతే తెల్లారే నిజామాబాద్ నుంచి పాత ఇనుము వాళ్ళు వస్తారు, కోసి కాటాకు వేస్తారు.

ఆ రోజు నుంచి మా ఆయన సరిగా తినలేదు. నాలుగు రొట్టెలు తినే మనిషి రెండింటితో లేచేవాడు. పొద్దస్తమానం బండిలో ఒక్కడే కూర్చునేవాడు. ఇంజన్ మొరాయిస్తుందేమోనని భయపడుతున్నాడనుకున్నాను. "నడుస్తది తియ్యి, నెల నెల నడుస్తనే ఉన్నది గద" అని ధైర్యం చెప్పాను. నా ధైర్యం విని ఆయన ఇంకా నీరసపడ్డాడు.

దసరా పొద్దున నా బీరతీగలు తెగాయి. బండికి తలస్నానం చేయించి, పసుపు పూసి, బంతిపూల దండలు కట్టారు. ఆయన పాత యూనిఫాం వేసుకున్నాడు. నడుమ రెండు గుండీలు పట్టలేదు, అక్కడ బెల్టు పెట్టుకున్నాడు. మిలిటరీ బండి కో-డ్రైవర్ లేకుండా కదలకూడదని రూలట. ఆ కో-డ్రైవర్‌ని నేను. నా డిపో విజిల్ మెడలో వేసుకుని ఎక్కాను. ఆయన స్టార్ట్ చేశాడు. ముందు నల్లపొగ, తర్వాత తెల్లపొగ, తర్వాత ఆరు సిలిండర్లూ ఒక్కొక్కటిగా నిద్రలేచినట్టు గుడగుడ. ముందరి గడియారంలో గాలి ముల్లు నిండేదాకా బ్రేకులు పట్టవు కాబట్టి కదలకూడదని, ఐదు నిమిషాలు ఊరందరినీ ఎండలో నిలబెట్టాడు. మా వెనుకే వెంకటసుబ్బారావు గారి కోతమిషను, దాని వెనుక ముప్పై ట్రాక్టర్లు, ఆటోలు, మోటార్‌సైకిళ్ళు.

ముల్లు నిండింది. నేను రెండు విజిళ్ళు వేసి రైట్ అన్నాను. బండి కదిలింది.

గుడి వెనుక సందులో, కాలువ వంతెన ఇంకా యాభై గజాలుందనగా, బండి ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. మూడోసారి నిట్టూర్చి నిలబడిపోయింది. ఆ సందు ఎంత ఉందో శక్తిమాన్ అంతే ఉంటుంది. అటు బడి గోడ, ఇటు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్. పక్కనుంచి సైకిలు కూడా పోదు. నెడదామని ఇరవై మంది వచ్చి భుజాలు ఆనించారు. బండి వాళ్ళను లెక్క చేయలేదు.

మా ఆయన దిగి ఇంజన్ పక్కన ఫిల్టర్ అడుగు బోల్టు విప్పాడు. డీజిల్ రావలసిన చోట పచ్చటి నీళ్ళు వచ్చాయి. వాటితో పాటు ఒక వేపాకు వచ్చింది. ఆయన ఆ నీళ్ళలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

"బెల్లం" అన్నాడు.

జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ముత్తన్న మెల్లగా ముందుకు వచ్చాడు. "సాక పోసిన, భూమేషన్నా" అన్నాడు.

సాక అంటే బెల్లం, వేపాకు, పసుపు కలిపిన నీళ్ళు. అమ్మవారి ముందు నేల మీద పోస్తాం. బండ్ల పూజ నాడు చక్రాల ముందు కూడా పోస్తాం. చక్రాల ముందు.

"యాడ పోసినవు?" అన్నాడు మా ఆయన.

"నోట్ల."

"ఎవరి నోట్ల?"

"బండి నోట్ల. ఆ పక్క మూత తీసి. ఆరేండ్ల సంది నువ్వే అంటున్నవు గద, గీ ఇంజన్ డీజిల్ తాగుతది, కిరోసిన్ తాగుతది, పల్లినూనె తాగుతది, ఏం పోసినా తాగుతదని. తాగేదానికి నేల మీద ఎందుకు పొయ్యాలె అనుకున్న."

"ఎంత పోసినవు?"

"బిందెడు. సిక్కగ కలిపిన, పెద్ద బండి గదా అని."

మా ఆయనకు తిట్టడానికి నోరు లేకుండా పోయింది. చాయ్ హోటల్లో ఆ గొప్పలు చెప్పింది ఆయనే. అక్కడ ఉన్నవాళ్ళలో కనీసం పదిమంది, కల్లు పోస్తే నడుస్తుందా అని అడిగి అవుననిపించుకున్నవాళ్ళే. ముత్తన్న కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆయన తప్పు చేసినందుకు కాదు, దేవత సాక పుచ్చుకోనందుకు.

"ఇంకో ట్యాంకున్నదంటివి గద ఎనుక" అన్నాను నేను. "దాంట్ల నిన్ననే మంచి డీజిల్ పోస్తివి. అది తెరువు."

ఆయన బూట్ల వైపు చూసుకున్నాడు. "తెరవాలంటె ట్యాపు తిప్పాలె."

"తిప్పు మరి."

"ట్యాపు సీటు కింది డబ్బాల ఉన్నది" అన్నాడు.

కోతమిషను మీద ఎత్తుగా కూర్చున్న వెంకటసుబ్బారావు గారికి అన్నీ వినబడతాయి. "ఇంకేమండీ, రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి. గద్దె దాకా ఆగడమెందుకండీ" అన్నారు.

మా ఆయన బోల్టు రాదన్నాడు. విరుగుతుందన్నాడు. దొరకదన్నాడు. కోతమిషను నడిపే సాయన్న బారెడు స్పానరు పట్టుకొచ్చి నా చేతికిచ్చాడు. డబ్బా చేరాలంటే కాళ్ళు పెట్టుకునే చోట తల పెట్టి, బోర్లా పడుకుని, సీటు కిందికి దూరాలి. మా ఆయన పొట్ట ఇప్పుడు అక్కడ పట్టదు. నేను సన్నం. ఇరవై ఆరేళ్ళు నిండు బస్సుల్లో మనుషుల మధ్య నుంచి దూరిన దాన్ని.

ఎక్కబోతూ ఆయన మొహం చూశాను. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. టికెట్ తీసుకోని మనిషికి చెకింగ్ వాళ్ళు కనబడితే ఉండే మొహం అది.

స్పానరు వేసి బలమంతా పెట్టబోయాను. అక్కర్లేకపోయింది. ఆరేళ్ళు బిగుసుకుపోయిన బోల్టు వేళ్ళతోనే తిరిగి వచ్చింది. దానికి గ్రీజు పూసి ఉంది.

మూత తీసి టార్చి వేశాను. ఇత్తడి ట్యాపు కనబడింది. దాని పక్కన, ఆకుపచ్చ రంగు గీకిన చోట, హిందీలో ఒక పేరు. దెగ్లూర్, నాందేడ్ బస్సుల బోర్డులు చదివి చదివి నాకు ఆ అక్షరాలు మన అక్షరాలంత వచ్చు. తొందరపడి తప్పు చదివానేమోనని మళ్ళీ చదివాను. కమల. పక్కన చిన్న పువ్వు కూడా గీసి ఉంది.

నా పేరు ఎక్కడా లేదు. డబ్బా నాలుగు మూలలూ టార్చి వేసి చూశాను. ఒక మూలలో నా బీరపాదు నుంచి వచ్చి కాపురం పెట్టిన ఎర్రచీమల పుట్ట ఉంది. అవి నా మోచేతి మీదికి ఎక్కుతున్నాయి.

ఏడుపు వచ్చింది. తలకిందులుగా ఉంటే కన్నీళ్ళు నుదుటి మీదికి పోతాయని అప్పుడే తెలిసింది. పైనుంచి ముత్తన్న గొంతు. "అక్కా, ఉన్నదా?" ట్రాక్టర్ల వాళ్ళు ఇంజన్లు కూడా ఆపారు. మా ఆయన బూట్లు మెట్టు దగ్గర కదలకుండా నిలబడి ఉన్నాయి, అటెన్షన్లో. నేను లేదంటే తెల్లారే ఈ బండి ముక్కలు. ఈ మనిషి ఎట్లా బతుకుతాడు?

ట్యాపు తిప్పాను. "ఉన్నది" అన్నాను. "నా పేరే ఉన్నది."

చప్పట్లు కొట్టారు. బూట్లు మాత్రం కదలలేదు.

నేను బయటికి వచ్చి చీమలు దులుపుకుంటుంటే వెంకటసుబ్బారావు గారు దిగి వచ్చారు. "చెల్లెమ్మా, మీ మాట మీద నమ్మకం లేక కాదండీ. కమిటీ తరఫున ఒకరు చూసినట్టు ఉండాలి కదండీ" అన్నారు. పండుగకు కుట్టించుకున్న తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. నేను టార్చి ఇచ్చి పక్కకు జరిగాను.

తల పట్టింది. భుజాలు పట్టాయి. పొట్ట దగ్గర ఆగింది. ఆయన ఊపిరి బిగబట్టి ఇంకొంచెం దూరారు, తర్వాత ఊపిరి వదిలారు. అదే పొరపాటు. ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. రెండు తెల్ల కాళ్ళు మాత్రం తలుపులోనుంచి బయటికి ఉన్నాయి.

"అద్దాలు పడిపోయాయండీ" అని లోపలినుంచి వినబడింది. తర్వాత, "ఇక్కడ ఏవో ఉన్నాయండీ. పాకుతున్నాయండీ" అని వినబడింది.

ఆ కాళ్ళు సైకిల్ తొక్కడం మొదలుపెట్టాయి.

"ఉందండీ, పేరు ఉందండీ, లాగండి" అన్నారు.

ముత్తన్న పద్ధతి తప్పని మనిషి. వంగి, కాళ్ళతో మాట్లాడినట్టు, "ఏం పేరున్నది సార్? తీర్మానంల రాయాలె" అన్నాడు.

"ఆవిడ పేరేనండీ. మీకు ఏ పేరు కావాలంటే ఆ పేరేనండీ. ముందు లాగండి బాబూ" అన్నారు ఆయన.

ఒక్కో కాలికి ఇద్దరు చొప్పున పట్టుకుని లాగారు. వెంకటసుబ్బారావు గారు బయటికి వచ్చారు. ప్యాంటు ఆయన కన్నా ముందే మోకాళ్ళ దాకా వచ్చింది. ఎడమ చెవి అప్పటికే వంకాయంత అయింది. ఆయన పెద్దమనిషి, మాట తప్పలేదు. కోతమిషను మీద కట్టిన దండ విప్పి తెచ్చి శక్తిమాన్‌కు వేశారు, ఒక చేత్తో చెవి పట్టుకుని.

మా ఆయన చేతిపంపు కొట్టాడు. పైపులోంచి ముందు బెల్లం నీళ్ళు, తర్వాత బుడగలు, తర్వాత శుభ్రమైన డీజిల్ వచ్చింది. బోల్టులు బిగించి సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ అందుకుంది. లోపల మిగిలిన బెల్లం కాలి, పొగగొట్టంలోంచి పాకం వాసన వచ్చింది. చెరుకు గానుగ దగ్గర కడాయిలో బెల్లం ముదిరేటప్పుడు వచ్చే వాసన. ముసలివాళ్ళు ముక్కులు పైకెత్తి నిలబడ్డారు. అక్కడనుంచి జమ్మి గద్దె దాకా ఊరంతా ఆ పొగ వెనుకే నడిచింది, ఆకలితో.

జమ్మి ఆకులు పంచుకుని, పెద్దలకు మొక్కి, పొద్దు వాలేసరికి బండి మళ్ళీ దాని జాగాలో నిలబడింది. పక్కన కమిటీ హాల్లో తీర్మానం రాసుకుంటున్నారు. కిటికీలు తెరిచే ఉన్నాయి. మేమిద్దరం బండి దిగలేదు. ఆయన చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి.

"కమల ఎవరు?" అన్నాను. చిల్లర ఉందా అని అడిగినట్టే అడిగాను.

ఆయన ముందరి అద్దంలోంచి గోడను చూశాడు. ఆ గోడ మీద ఏమీ లేదు.

"ఉండేది" అన్నాడు.

"యాడ?"

"పఠాన్‌కోట్‌ల."

"ఏం జేస్తుండె?"

"నర్సు. మిలిటరీ దవాఖానల."

"ఏ సంవత్సరం?"

"ఎనబై తొమ్మిది."

"ఎనబై తొమ్మిదిల నువ్వు తేజ్‌పూర్‌ల ఉంటివి. ఉత్తరాలు నా పెట్టెల ఉన్నయి."

"ఆమె సుత గాడికే వచ్చింది. బదిలీ అయి. టీచర్గ."

"నర్సు టీచరెట్లయింది?"

ఆయన స్టీరింగ్ తుడవడం మొదలుపెట్టాడు. రేషన్ షాపులో ఎవరైనా ఆడమనిషి కొంచెం జరగండి అంటే బియ్యం కూడా తీసుకోకుండా ఇంటికి వచ్చేసే మనిషి ఇతను. పెళ్ళయిన కొత్తలో నాతో మాట్లాడటానికే నాలుగు రోజులు పట్టింది, అదీ లాంతరులో నూనె అయిపోయిందని చెప్పడానికి. ఇతనికొక కమల. దానికొక పువ్వు. నాకు నవ్వు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి.

"బండి నీది కాదని ఒక్క మాటంటే గీ కమల బాధ తప్పుతది గద."

"బండి నాదే" అన్నాడు.

"గట్లయితే కమల?"

ఆయన గొంతు సవరించుకుని, గోడను చూస్తూ, "కమల సుత నాదే" అన్నాడు.

నేను నవ్వాను. బండి పోగొట్టుకోవడం కన్నా పెళ్ళాం చేతిలో రంకు నెత్తినేసుకోవడం నయమనుకున్న మొగుణ్ణి నేను ఇంతవరకు వినలేదు. పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఉంటే ఎక్కడో నవ్వు ఆగిపోయింది, నీళ్ళు మాత్రం ఆగలేదు.

"పాతికేండ్లు డిపోల చెప్పుకున్నయ్యా" అన్నాను. "పట్టుచీరెలు కట్టుకున్నోళ్ళకు చెప్పిన. నా పేరు మిలిటరీ బండిల ఉన్నదని. గది సుత ఉత్తదేనా?"

ఆయన స్టీరింగ్ మీదనుంచి చేతులు తీసేశాడు. నావైపు తిరిగాడు.

"రాసిన, జ్యోతీ. నీ మీద ఒట్టు, రాసిన. గంట సేపు గీకిన. వేలు తెగింది. కాని గీ బండిల కాదు."

నేను ఆయన వేళ్ళ వైపు చూశాను.

"నా బండి నంబరు యాదికున్నది" అని నంబరు చెప్పాడు, ఒక్క అంకె తడబడకుండా. "తేజ్‌పూర్‌ల అప్పజెప్పి దిగిన. మల్ల కనవడలే. యాడున్నదో, కాటాకే పోయిందో. యార్డుల దీన్ని సూసినప్పుడు నిజంగ అదే అనుకున్న. తెచ్చిన వారానికి, గప్పుడు పొట్ట గింత లేకుండె, నీకు సూపిద్దామని మూత తీసిన. కమల అని ఉన్నది. చెరిపేద్దామని స్క్రూడ్రైవర్ సుత పట్టుకున్న. ఎవడో జవాను నా లెక్కనే గంటసేపు గీకి ఉంటడు. చెయ్యి రాలే. నీకు ఎట్ల చెప్పాలె? చెప్తే నీ పేరు లేదనుకుంటవు. నీ పేరున్నది, జ్యోతీ. బండి నాది కాదు గాని నీ పేరు మాత్రం ఉన్నది. గీ బండి నాది కాదు." చివరిమాటకు గొంతు పెద్దదైంది.

నేను చటుక్కున ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాను.

"మెల్లగ అను. కమిటీ వాళ్ళు వింటరు" అన్నాను.

హాల్లో ముత్తన్న పైకి చదువుతున్నాడు, కో-డ్రైవర్ సీటు కింద పేరు ఉన్నట్టు ఇద్దరు సాక్షులు ధ్రువీకరించినందున అని. నేను పనిముట్ల పెట్టె తెరిచి స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. ఆయన చేతికి టార్చి ఇచ్చాను. మళ్ళీ తలకిందులుగా దూరాను.

కమలను ముట్టుకోలేదు. పాపం ఆమె కూడా ఎక్కడో ఎవరికో ఇట్లాగే గొప్పలు చెప్పుకుంటూ ఉంటుంది. ఆమె కింద కొంచెం జాగా చూసి, నా పేరు గీకడం మొదలుపెట్టాను. ఇనుము గట్టిది. ఒక్క అక్షరానికే చెయ్యి నొప్పి పుట్టింది. ఆయన గంటసేపు గీకానన్నది నిజమేనని అప్పుడు నమ్మాను.

"కింద తారీఖు సుత ఎయ్యి" అన్నాడు పైనుంచి. మనిషికి మళ్ళీ ధైర్యం వచ్చినట్టుంది. "ఎనబై ఏడు అని ఎయ్యి."

"ఇయ్యాల్టిదే ఏస్త."

"ఎవరన్న సూస్తే?"

"సుబ్బారావు సార్ తప్ప దీంట్ల తల పెట్టెటోళ్ళు ఎవరున్నరు? ఆయన ఈ జన్మల పెట్టడు. నువ్వు టార్చి సక్కగ పట్టు" అన్నాను.

ఆయన టార్చిని రెండు చేతులా పట్టుకుని, వెలుగును రెండో అక్షరం మీదికి జరిపాడు.